ఖాళీ చేతులతో పైకి రావడం

మా అండమాన్ యాత్ర గురించి ఇప్పటిదాకా అందరూ చెప్పారు. పొద్దున నాతో పాటు నడిచే మిత్రులు టీ బండి దగ్గర చెప్పారు. ట్రావెల్స్ నడిపే అతను వాట్సాప్ గ్రూపులో చెప్పాడు. అసలు బోటే ఎక్కకుండా ఒడ్డున కూర్చుని కొబ్బరి బొండాం తాగిన మనిషి కూడా తన కళ్ల ముందే జరిగినట్టు చెప్పాడు. ఆ రోజు నీళ్లలో మా బావకు చేయి చాచినంత దూరంలో ఉన్నవాణ్ని నేను. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు.

నన్ను అడగకపోవడం వాళ్లకు కొత్త కాదు, నాకూ కొత్త కాదు. మేనకోడలి పెళ్లిలో పందిరి కర్రలు పాతించింది నేను, ఫోటోలో మాత్రం నా భుజం వరకే ఉంది. అండమాన్ పోతున్నప్పుడు కూడా విమానాశ్రయం వరకు వేసిన బస్సులో నాకు వెనక టైరు మీద సీటు ఇచ్చారు. ఇవన్నీ నేను మరిచిపోతానని మా వాళ్ల ఆశ. అయినా ఇక్కడ రాస్తున్నది నా సంగతి కాదు, మా బావ సంగతి. సముద్రంలో ఆయన చేసిన పని అందరికీ తెలుసు. ఎందుకు చేశాడో, ఆ తర్వాత ఏం నేర్చుకున్నాడో మా అక్కకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మాది పటాన్‌చెరు పక్కన కర్దనూర్. బావ నాకు మేనత్త కొడుకు, తర్వాత మా అక్కను చేసుకున్నాడు. నాకు ఈత నేర్పింది ఆయనే. వాళ్ల పొలంలో పెద్ద చదరపు బావి ఉండేది, ఒక పక్క రాతి మెట్లు. నా వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టి, మెట్ల మీద నుంచి చెప్పకుండా తోసేశాడు. నేను నీళ్లు మింగి, దగ్గి, ఏడ్చి, మెట్టు పట్టుకుంటే పైనుంచి వంగి చూసి, "ఏం బామ్మర్ది, తియ్యగున్నయా నీళ్లు?" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. కానీ నేను మునిగినప్పుడల్లా నా వెంట ఆయన కూడా దూకాడన్నది అంతకంటే బాగా గుర్తు.

మా బావుల దగ్గర ఈతకు ఒక పద్ధతి ఉండేది. నీళ్ల మీద ఎంతసేపు ఈదినా ఈతగాడని ఒప్పుకునేవాళ్లు కాదు. అడుగు దాకా పోవాలి. పోయినట్టు సాక్ష్యం తేవాలి. అడుగు మన్ను గుప్పెడు, లేదా ఒక రాయి. పైకొచ్చి చేయి ఎత్తి చూపిస్తేనే లెక్క. ఖాళీ చేతులతో వస్తే గట్టు మీద కూర్చున్న వాళ్లంతా ఒకటే అరుపు. "ఏది మన్ను? మన్నేది?" చెవులు పగిలిపోతున్నా, ఊపిరి చాలకపోయినా, మన్ను పట్టకుండా పైకి రావడమంటే తల కొట్టేసినట్టే. మా బావ ఆ చుట్టుపక్కల ఏ బావిలోనైనా మన్ను తెచ్చేవాడు. ఎండాకాలంలోనైతే నీళ్లు తేటగా ఉన్నాయని రెండు చేతుల్లో రెండు రాళ్లు తెచ్చేవాడు.

తర్వాత చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చాయి, ఆ బావి నీళ్లకు రంగు వచ్చింది. మొదట పల్చటి చాయ్ రంగు, ఆ తర్వాత ఏ రంగో చెప్పడం కష్టం. ఒక పొద్దున పరక చేప పిల్లలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. బావ మెట్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. ఆ రోజు నుంచి ఆయన ఏ నీళ్లలోనూ దిగలేదు. పొలం పోయింది, ఆయన ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర టైం ఆఫీసులో చేరాడు, నేను ఇంకో ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌లో చేరాను. ఆయన మోకాళ్లు అరిగాయి. నడిచేటప్పుడు ఒక పక్కకు ఒరిగి నడుస్తాడు. ఈత మాట ఎవరన్నా ఎత్తితే, "గా ముచ్చట ఒడిసిపోయింది" అనేవాడు.

అందుకే అండమాన్ పోదామని మిత్రులంతా అనుకున్నప్పుడు బావ ముందు పేరు ఇచ్చాడంటే అక్క నమ్మలేదు. "మోకాళ్ల నొప్పులని మెట్లు గూడ ఎక్కడు. సముద్రంల ఏం జేస్తడట?" అని నన్ను అడిగింది. అడిగింది కాబట్టి చెప్పాను. "నీళ్లల్ల మోకాళ్లతోని పనేముంది అక్కా" అన్నాను.

పోయాం. ఒక దీవి దగ్గర బోటు ఆపారు. లంగరు వేయకుండా, నీళ్లలో తేలుతున్న ఒక పసుపు రంగు గుండుకు తాడు కట్టారు. లంగరు వేస్తే కింద పగడపు దిబ్బ పగిలిపోతుందట. మమ్మల్ని నీళ్లలోకి తీసుకుపోయేది ఒక అమ్మాయి. మా మేనకోడలి వయసు ఉంటుంది. నీళ్లలో దిగేముందు ఆమె హిందీలో చెప్పడం మొదలుపెట్టింది. కింద కనబడేది రాయి కాదు, ప్రాణమున్నది. ముట్టుకోవద్దు, మీద నిలబడొద్దు. అలసిపోతే కాలు కింద పెట్టకుండా వెల్లకిలా తేలండి. కాళ్లకు తొడిగిన రబ్బరు రెక్కలను టపటపా కొట్టొద్దు, ఇసుక లేచి దాని మీద పడితే దానికి ఊపిరాడదు. చేపలకు తిండి వేయొద్దు. ఏదీ వెంట తీసుకుపోవద్దు, చచ్చిన గవ్వ కూడా.

నాకు ప్రతి మాటా అర్థమైంది. హిందీ వచ్చినందుకు కాదు. ఫ్యాక్టరీలో నా పని గాజు పూత ఉన్న రియాక్టర్ల మీద. బయటి నుంచి చూస్తే ఇనుప గుండిగ, లోపలంతా గాజు పూత. శుభ్రం చేయడానికో, పరీక్షించడానికో మనిషి లోపలికి దిగాలి. దిగేముందు జేబులు ఖాళీ చేయాలి. బెల్టు తీసేయాలి. మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోవాలి. చేతిలో పానా ఉంటే దాన్ని మణికట్టుకు తాడుతో కట్టుకోవాలి. లోపల ఒక్క పానా జారి పడితే గాజు పెచ్చు లేస్తుంది, ఆ పెచ్చు లేచిన చోటు నుంచి యాసిడ్ మొత్తం గుండిగను తినేస్తుంది. లోపలున్నంతసేపు ఒళ్లంతా కళ్లు చేసుకుని ఉండాలి. మోచేయి ఎక్కడ ఉందో, మడమ ఎక్కడ ఉందో తెలియాలి. ఆ అమ్మాయి చెబుతున్నది అదే. కాకపోతే ఇక్కడ గుండిగ సముద్రమంత ఉంది.

మా వాళ్లు వింటున్నారా అని చూశాను. ఒకరు సెల్ఫీలో ఉన్నారు. ఒకరు సన్‌స్క్రీన్ తెల్లగా పూసుకుంటున్నారు, అది కూడా పగడాలకు మంచిది కాదని, దాని బదులు నిండు చేతుల బట్టలు వేసుకోమని ఆమె చెప్పి ఒక నిమిషం కూడా కాలేదు. బావ తలకు అక్క పొద్దున పెట్టిన కొబ్బరి నూనె ఎండకు మెరుస్తోంది. నేను ట్రావెల్స్ అతని దగ్గరికి పోయి, "ఒక్క ఐదు నిమిషాలు ఇయ్యి, మనోళ్లకు తెలుగుల చెప్త" అన్నాను.

"అంకుల్, టైం లేదు. షెడ్యూల్ ఫుల్ టైట్. ఎంజాయ్ చేయండి" అని నా భుజం తట్టాడు.

ఆ తట్టడం నా భుజం మీద ఇంకా మిగిలే ఉంది.

నీళ్లలో దిగాం. ముఖానికి మాస్కు, నోట్లో గొట్టం, ఒంటికి లైఫ్ జాకెట్. తల ముంచి చూశాను. ఏం చెప్పాలి? కింద ఒక చోట జింక కొమ్ముల్లా, ఒక చోట విస్తరాకులు పేర్చినట్టు, ఇంకో చోట కాకరకాయ తోలులా. వాటి సందుల్లో నుంచి నీలం చేపలు, పసుపు చేపలు వచ్చి నా ముఖం చూసి పోతున్నాయి. మా అక్క జీవితంలో మొదటిసారి చీర కాకుండా ఇంకేదో కట్టుకుని, గాలి ట్యూబు పట్టుకుని, ఆ అమ్మాయి లాగుతుంటే తేలుతోంది. తల పైకెత్తి గొట్టం తీసేసి, "అడుగున బతుకమ్మ పేర్చి పెట్టిన్రు!" అని అరిచింది. నేను అక్కను అంత సంతోషంగా చూసి చాలా ఏళ్లయింది.

బావ ఒక పక్కన కదలకుండా ఉన్నాడు. నేను దగ్గరికి పోయాను. గొట్టం తీసేసి నా వైపు చూశాడు. ఆ ముఖం నాకు తెలుసు. నాకు డబ్బా కట్టి తోసినప్పటి ముఖం అది.

"బామ్మర్ది, గీ జాకెట్ ఏసుకుంటే నీళ్లల్ల ఉన్ననో మంచంల ఉన్ననో ఎర్కయితలేదు. జెర పట్టుకో."

"వద్దు బావా. ఆ పిల్ల ఏం చెప్పిందో ఇన్నవా?"

"గామె గడగడ చెప్పింది. మన ఫ్యాక్టరీల బిహారోళ్ల హిందీ అయితే నాకు సమజైతది. గిది గాదు."

ఇంతలో పక్కనే తేలుతున్న మిత్రుడొకరు, ఇంటి దగ్గర రోజూ బావతో పందేలు కట్టే మనిషి, ఊరుకోకుండా అన్నాడు. "ఏం పటేలా, అడుగు సూసొస్తవా? లేకుంటే వయసైపోయిందా?"

"సూసొచ్చుడు గాదు," అన్నాడు బావ, "తెచ్చుడే."

జాకెట్ బకిల్ విప్పి నా చేతిలో పెట్టాడు. నేను వద్దంటూనే ఉన్నాను. వద్దంటూ పట్టుకున్నాను, వదిలితే అది కొట్టుకుపోతుంది కాబట్టి పట్టుకున్నాను. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది కాబట్టి ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను.

బావ మునిగాడు. నేను తల ముంచి చూశాను. నేల మీద ఒరిగి ఒరిగి నడిచే మనిషి, నీళ్లలో బాణంలా కిందికి దిగాడు. మోకాళ్లు లేవు, వయసు లేదు. అంత బాగా దిగాడు కాబట్టే అంత నష్టం చేశాడు. అడుగు చేరాక మా బావిలో చేసినట్టే చేశాడు. ఒక చేత్తో దొరికినది పట్టుకుని, రెండు కాళ్లతో అడుగును గట్టిగా తన్ని పైకి లేచాడు. ఇసుక మబ్బులా లేచింది. చేపలన్నీ ఒక్కసారి మాయమయ్యాయి. ఒక కొమ్మ విరిగి ఆయన గుప్పిట్లో ఉంది.

పైకొచ్చి చేయి ఎత్తాడు. "దొరికింది బామ్మర్ది!"

ఆ అమ్మాయి ఈల వేసింది. అందరినీ బోటు ఎక్కమంది. బావ చేతిలోది రెండు చేతులతో తీసుకుంది. "యే జిందా హై అంకుల్" అంది. అరవలేదు. ఇది బతికి ఉంది అని మామూలుగా చెప్పినట్టే చెప్పింది. కానీ కళ్లలో నీళ్లు ఉన్నాయి. ఆ ముక్కను తీసుకుని మునిగి, కిందే ఎక్కడో పెట్టి వచ్చింది. ఆ రోజుకు ఈత అయిపోయింది. మా వాళ్లలో ఇంకా సగం మంది నీళ్లలోనే దిగలేదు.

బోటు వెనక్కి తిరిగింది. పందెం కట్టిన మిత్రుడు సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. అక్క తన పుస్తెలతాడులోని పగడాన్ని వేళ్లతో పట్టుకుని ఆ అమ్మాయికి చూపించి, నన్ను అడగమంది. "గిది గూడ గసొంటి పానమేనా?" నేను హిందీలో అడిగాను. ఇది వేరే రకం, లోతు నీళ్లలో పెరిగేది, కానీ దీన్ని కట్టింది కూడా చిన్న చిన్న జీవులే అని ఆమె చెప్పింది. అక్క దాన్ని మెల్లగా బట్టల లోపలికి వేసుకుంది.

బావ నాతో అన్నాడు. "రాయి అనుకున్న. రాయి తెస్తే తప్పేంది అనుకున్న. పానమున్నదని ఎవ్వలన్న జెప్పిన్రా నాకు?"

"నేను చెప్పబోయిన."

"నువ్వు దినాం పది చెప్తవు బామ్మర్ది. ఏది ఇనాలె, ఏది ఇడవాలె?"

కోపం రావాలి నాకు. రాలేదు. ఆయన తన అరచేతిని చూసుకుంటున్నాడు. కొమ్మ గీసుకుని సన్నటి ఎర్రటి గీతలు పడ్డాయి. "మన బాయిల పరకలు తేలినప్పుడు గా కంపెనీలోళ్లను ఎంత తిట్టిన," అన్నాడు. "గిప్పుడు నన్ను ఎవలు తిట్టాలె?"

తిట్టడానికి మనుషులు కరువు కాలేదు. ఇంటికి చేరిన తెల్లారే ట్రావెల్స్ అతను గ్రూపులో పెట్టాడు. ఇద్దరు పెద్దమనుషుల వల్ల అందరి కార్యక్రమం చెడిందని, ఇకపై నీళ్ల కార్యక్రమాలకు వాళ్లను తీసుకుపోవడం కుదరదని. ఇద్దరు. ఒకరు బావ అయితే రెండోవారు ఎవరు? జాకెట్ పట్టుకున్నవాణ్ని నేను. నేను ఆ రోజే జవాబు పెట్టాను, నా పాత్ర వివరంగా రాసి. దాని కింద ఎవరో దండం బొమ్మ పెట్టారు. ఎవరు పెట్టారో నాకు తెలుసు, కానీ పేరు రాయను.

నా సంగతి పక్కన పెడితే, బావ పొద్దున నడకకు రావడం మానేశాడు. మోకాళ్లు అన్నాడు. మోకాళ్లు కాదని అక్కకు తెలుసు. ఒక రోజు నన్ను పిలిపించి వంటింట్లోకి తీసుకుపోయి, గొంతు తగ్గించి చెప్పింది. "రాత్రి నిద్దట్ల గూడ కాళ్లు కదిలిస్తుండు. ఈత కొట్టినట్టు. మల్ల ఒక్కపారి పోవాలని ఉన్నది ఆయనకు. నోరు తెరిచి అడగడు. నువ్వు ఏదన్న జెయ్యి."

"ఇంకో ట్రావెల్స్‌ల పోదాం బావా" అన్నాను ఆయనతో.

"దోస్తులు లేకుంట నేనొక్కన్నే దొంగలెక్క పోవాల్నా?" అన్నాడు. "ఎవల ముంగట తప్పు జేసిన్నో, వాళ్ల ముంగటనే సక్కగ దిగాలె."

సరే, అయితే సక్కగ దిగడం నేర్చుకో అన్నాను. నాకు నేర్పిన మనిషికి నేను నేర్పడం ఎలా ఉంటుందో అప్పుడు తెలియలేదు.

మొదట వెలిమెలలో మా మేనకోడలు ఉంటున్న అపార్టుమెంట్లలో స్విమ్మింగ్ పూల్ ఉందని పోయాం. లోపలుండేవాళ్లకే అన్నారు. మేనకోడలు లోపల ఉండేదే కదా అన్నాను. లుంగీతో దిగనివ్వం అన్నారు. లుంగీతో దిగుతామని మేము అనలేదు, బావ లుంగీ కట్టుకుని వచ్చాడు, అంతే. ఇది కూడా నాకు గుర్తుంటుంది.

చివరికి ఇస్మాయిల్‌ఖాన్‌పేట వైపు మా ఆవిడ తరఫు చుట్టాల పొలంలో బావి దొరికింది. మా పాత బావి లాంటిదే, కొంచెం చిన్నది. నీళ్లు ఆకుపచ్చగా ఉన్నా శుభ్రం. నీళ్లలో మునిగిన మెట్ల మీద మెత్తటి ఒండ్రు పేరుకుని ఉంది. ఆ మెట్ల దగ్గరే పరక పిల్లలు తిరుగుతుంటాయి. చూడగానే నాకు అనిపించింది, దీనికంటే మంచి బడి ఎక్కడా దొరకదని. ఎందుకంటే ఒండ్రు అబద్ధం చెప్పదు. కాలు కొంచెం గట్టిగా ఊపితే చాలు, నీళ్లు చాయ్ అయిపోతాయి. చేపలు పారిపోతాయి. తప్పు చేసింది ఎక్కడో, ఎంతో, అందరికీ కనబడుతుంది.

ఆదివారం ఆదివారం పోయేవాళ్లం. అక్క పై మెట్టు మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చునేది. మాస్కు, గొట్టం, రబ్బరు రెక్కలు కొన్నాం. నేను రియాక్టర్‌లో దిగేవాళ్లకు చెప్పినట్టే చెప్పాను. మెడలో గొలుసు తీసెయ్యి. మొలతాడుకు వేలాడేది ఏమీ ఉండొద్దు, వేలాడేదేదైనా పగడానికి తగులుతుంది. తలకు నూనె వద్దు. నిండు చేతుల బనియన్ వేసుకో, క్రీముల జోలికి పోవద్దు.

"పెండ్లికొడుకును జేస్తున్నవా, ఒలుస్తున్నవా?" అన్నాడు బావ.

బోర్లా తేలడం ఆయనకు క్షణంలో వచ్చింది. చేతులు కట్టుకుని ఉండటం రాలేదు. ఏ నీళ్లలో ఉన్నా ఆయన చేతులు దేన్నో ఒకదాన్ని పట్టుకోవడానికి చూస్తాయి. అంతకంటే కష్టం కాళ్లు. మా బావుల్లో పెరిగిన వాళ్లందరిదీ అదే రోగం. మాస్కులోకి చుక్క నీరు వస్తే, దగ్గు వస్తే, వెంటనే కాలు మెట్టు కోసం వెతుకుతుంది. కాలు ఆనితే బతికినట్టు. పగడపు దిబ్బ మీద ఆ కాలే దానికి చావు. నిలబడ్డ ప్రతిసారీ నీళ్లు మురికి అయ్యేవి, అవి తేటపడేదాకా గట్టు మీద కూర్చునేవాళ్లం. ఆ కూర్చోవడమే నాకు ఎక్కువ ఇష్టంగా ఉండేది, ఇప్పుడు చెబుతున్నాను. అక్క పెట్టిన జొన్న రొట్టె, వంకాయ కూర తింటూ నీళ్ల వైపు చూస్తూ కూర్చునేవాళ్లం.

"గంత పానం తీస్తున్నవు. నేను తోసినందుకు పగ తీర్చుకుంటున్నవు గదా?" అనేవాడు.

"తోసినందుకు గాదు. తియ్యగున్నయా అన్నందుకు."

"అమ్మో! గది గూడ యాదికున్నదా నీకు?"

"అన్ని యాదికుంటయి."

అక్క నవ్వేది. ఒకసారి అక్క నీళ్లలోకి గుప్పెడు మరమరాలు విసిరింది. పరకలన్నీ గుంపుగా వచ్చాయి. అండమాన్ అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. ఆమె నంబర్ బోటు దిగేటప్పుడు నేనే అడిగి తీసుకున్నాను, మిగతా ఎవరూ అడగలేదు. సముద్రంలో కూడా అలాగే వస్తాయి, మంచిగానే కనబడుతుంది, కానీ తమ తిండి తాము వెతుక్కోవడం మానేస్తాయి అంది. పగడాల మీద పెరిగే పాచిని తినేది ఆ చేపలేనట, అవి మరమరాలకు మరిగితే పాచి పెరిగి పగడాన్ని కప్పేస్తుందట. అక్కకు చెప్పాను. అక్క మిగిలిన మరమరాలు తనే తినేసింది.

రబ్బరు రెక్కలు మోకాలి నుంచి కాదు, తుంటి నుంచి ఊపాలి, మెల్లగా, విసనకర్ర ఊపినట్టు అని కూడా ఆమే చెప్పింది. ఇది బావకు కలిసొచ్చింది. మోకాలు వంచే పని లేదు. దగ్గు వస్తే వెల్లకిలా తిరగడం నేర్పాను. తేలుతూ ఆకాశం చూస్తూ మాస్కు సరిచేసుకోవడం. మొదట్లో తిట్టుకునేవాడు, తర్వాత తిరగాల్సిన పని లేనప్పుడు కూడా తిరిగి తేలుతూ ఉండేవాడు. "ఏం పని పైన?" అంటే, "కొంగలు పోతున్నయి" అనేవాడు.

ఒక ఆదివారం ఆయన మునిగిన మెట్ల మీదుగా బోర్లా తేలుతూ పోయాడు. నేను వెనక నుంచి మాస్కులో చూస్తున్నాను. ఆయన పొట్టకు, ఒండ్రుకు మధ్య జానెడే ఎడం. రెక్కలు మెల్లగా ఊగాయి. ఒండ్రు లేవలేదు. ఒక్క పొర కూడా కదలలేదు. పరక పిల్లలు పక్కకు జరిగాయి, మళ్లీ వచ్చాయి. ఒకటి ఆయన మాస్కు ముందుకొచ్చి ఆగింది. ఆయన కూడా ఆగాడు. ఊపిరి పీల్చే చప్పుడు మాత్రం గొట్టంలో వినబడుతోంది. అలా ఎంతసేపు ఉన్నారో ఇద్దరూ. నేను కదిలితే నీళ్లు పాడవుతాయని నేను కూడా కదలలేదు.

పైకొచ్చి మాస్కు తీశాడు. పై మెట్టు నుంచి అక్క ఊరుకుంటుందా? చిన్నప్పటి నుంచి మా ఊరి బావి గట్ల మీద కూర్చున్నదే కదా. "ఏది మన్ను?" అని అరిచింది.

బావ రెండు అరచేతులూ ఎత్తి చూపించాడు. ఖాళీ. చిన్నపిల్లవాడిలా నవ్వుతున్నాడు. నేను ఆయనతో ఏమన్నా అనాలని చూశాను, నా మాస్కులోకి నీళ్లు వచ్చాయి. బావి నీళ్లే అనుకోండి.

తర్వాతి వారం మేనకోడలిని తీసుకుపోయి ఫోన్‌లో వీడియో తీయించి ఆ అమ్మాయికి పంపాను. పేరు చెప్పకుండా, కేవలం ఎలా ఈదుతున్నాడో చూసి చెప్పమన్నాను. ఆ రోజే ఫోన్ చేసింది. ఈయన ఆ రోజు కొమ్మ విరిచిన అంకులేనా అని అడిగింది. అవునన్నాను. ఉండండి అని వీడియో ఇంకోసారి చూసింది. తర్వాత, "లేకే ఆయియే" అంది. తీసుకురండి. ఆ కొమ్మ ఏమైందని నేను అడగలేదు. ఆమే చెప్పింది, బతికిందో లేదో తెలియదట, ఆ చోటు ఇసుకలో కలిసిపోయిందట. బావకు ఈ మాట చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి చెప్పాను. తల ఊపాడు. "ఎర్కే" అన్నాడు. మరుసటి ఆదివారం ఎప్పటికంటే ముందే తయారై నా ఇంటి ముందు నిలబడ్డాడు.

ఇప్పుడు మళ్లీ యాత్ర పెడుతున్నారు. మిత్రులంతా పేర్లు ఇచ్చారు. పందెం కట్టిన మనిషి కూడా ఇచ్చాడు, ఆయన పేరు తీసుకున్నారు. బావ పేరు ఇవ్వడానికి నేను పటాన్‌చెరులోని ఆ ట్రావెల్స్ ఆఫీసుకు పోయాను. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు, వచ్చిన ప్రతి ఫోనూ ఎత్తాడు. వీడియో చూపించబోతే, "తర్వాత చూస్తా అంకుల్" అన్నాడు. ఇంకోసారి పోతే, "చూద్దాం అంకుల్" అన్నాడు. ఇంకోసారి ఆయన లేడన్నారు, లోపల ఆయన గొంతు వినబడుతోంది. కాదని ఒక్కసారి కూడా అనలేదు. కాదంటే నేను వాదించేవాణ్ని, ఆ సంగతి ఆయనకు తెలుసు.

బావ రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు. యాత్ర మాట ఎత్తడు. వానలు పడ్డాయా, బిడ్డ వచ్చిందా, కూరేంది అని అడుగుతాడు. ఆఖర్లో కొంచెం ఆగుతాడు. ఆ ఆగడంలో ఏముందో నాకు తెలుసు. నేను ఇంకా ఏమీ తెలియలేదని చెప్పకముందే, "సరే బామ్మర్ది, ఉంటా" అని పెట్టేస్తాడు.

కాబట్టి ట్రావెల్స్ నడిపే బాబూ, ఇది నీకే రాస్తున్నాను. మిత్రులందరూ చదువుతారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ దిబ్బను కాపాడుకోవాలని నీకు నిజంగా ఉంటే, మా బావను ఆపడం ఒక్కటే సరిపోదు. కొత్తగా పేర్లు ఇచ్చిన వాళ్లలో బావుల్లో ఈత నేర్చినవాళ్లు ఎంతమంది ఉన్నారో అడిగావా? వాళ్ల కాళ్లు కూడా మెట్టు వెతుకుతాయి. వాళ్ల చేతులు కూడా ఏదో ఒకటి తెద్దామనే చూస్తాయి. బయలుదేరేముందు ఒక ఆదివారం అందరినీ మా బావి దగ్గరికి పంపు. మేము తెలుగులో చెబుతాం. ఒండ్రు లేపకుండా ఎలా తేలాలో బావ దిగి చూపిస్తాడు, ఎందుకు తేలాలో కూడా ఆయనే చెబుతాడు. ఆయన కంటే బాగా ఎవరూ చెప్పలేరు.

నా విషయంలో "ఇద్దరు" అన్న మాట నువ్వు ఎప్పుడు సరిచేసినా సరే, నేను ఉంటాను. కానీ మా బావకు డెబ్బై దగ్గర పడుతోంది, ఆయనకు నీ "చూద్దాం" సరిపోదు. ఆయన్ను నీళ్లలోకి తీసుకుపోతావా, తీసుకుపోవా? నాకు చాయ్ వద్దు, కుర్చీ వద్దు. ఆయన ఫోన్‌కు నువ్వే ఫోన్ చేసి, అవునో కాదో, ఆయనకే చెప్పు.